లైలో కలిపిన మైలుతుత్తం

2019 నవంబరు 18, సోమవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు నేను పొయ్యి మీద లై పెట్టాను. లై అంటే పుస్తకాలు కట్టడానికి వాడే మైదా బంక. చోటు బోధన్ దగ్గర, చెరకు తోటల మధ్య ఉన్న ఒక పాత అతిథి గృహం. ఆ రోజు నుంచి ఆరు రోజులు అక్కడ మహిళలకు సృజన శిబిరం. వచ్చినవాళ్లు పద్నాలుగు మంది. ఒక్కొక్కరు తమ చేత్తో బొమ్మలు వేసి, మాటలు రాసి, ఒక పుస్తకం తయారు చేసి, తమకు ఇష్టమైన మనిషికి బహుమతిగా ఇవ్వాలి. అమ్మకూడదన్నది నియమం. కుట్టడం, అట్ట కట్టడం నేర్పే పని నాది.

నేను అప్పుడు నిజామాబాద్‌లో ఒక ప్రభుత్వ కార్యాలయం రికార్డు రూములో దఫ్తరీని. దఫ్తరీ అంటే చిరిగిన రిజిస్టర్లను విప్పి, కుట్టి, మళ్లీ అట్ట కట్టే ఉద్యోగి. హోదాలో అటెండరుకు ఒక మెట్టు పైన, గుమస్తాకు ఒక మెట్టు కింద. అప్పటికి నా సర్వీసు ముప్పై ఏళ్లు. శిబిరం నడిపేవాళ్లు మా సూపరింటెండెంటును అడిగితే, ఆయన నన్ను ఆరు రోజులు ఆన్ డ్యూటీ మీద పంపారు.

నా లై కొలత ముప్పై ఏళ్లుగా ఒక్కటే. కిలో మైదా, ఐదు లీటర్ల నీళ్లు, ఇరవై గ్రాముల మైలుతుత్తం. మైలుతుత్తం నీలం రంగు పలుకులు. పంట తెగుళ్లకు రైతులు కొట్టే మందులో పడేది ఇదే. ఇది లేకపోతే లై మూడో రోజుకు పులుస్తుంది. ఎండిన తర్వాత బొద్దింకలు, పురుగులు దాని కోసమే పుస్తకాన్ని కొరుకుతాయి. మాకు లై నేర్పిన పెద్ద దఫ్తరీ మైలుతుత్తం లేని లైని గంజి అనేవాడు. ఇది విషమని మాకు తెలుసు. అందుకే మా రూములో నాలుకతో వేలు తడిపి పేజీ తిప్పడం నిషేధం. ప్రతి బల్ల మీద ఒక గిన్నెలో తడి స్పాంజి ఉంటుంది. ఆ నియమాన్ని గుమస్తాల చేత పాటింపజేసేది నేనే.

శిబిరంలో ఆ విషయం నేను ఎవరికీ చెప్పలేదు. దాచలేదు. నాకు తోచలేదు, అంతే. మొదటి రోజే మాక్లూర్ నుంచి వచ్చిన అంగన్‌వాడీ టీచరు సుజాత గిన్నెలోకి తొంగి చూసి, "గీ లై నీలంగున్నదేంది అక్కా?" అని అడిగింది. "పురుగు పట్టదు, నూరేండ్లు ఉంటది" అన్నాను. కొంచెం గర్వంగానే అన్నాను.

సుజాత మాట మీద మాట వేసే మనిషి. నేను ప్రతి కాగితం స్కేలు పెట్టి కొలిపిస్తుంటే, "స్కేలు లేకుంటే అన్నం గూడ తినవా ఏంది అక్కా నువ్వు?" అనేది. ఆమె పుస్తకం ధర్పల్లిలో ఉన్న కూతురి బిడ్డకు. పాపకు పదకొండు నెలలు. అయిదంగుళాల చదరం, ఎనిమిది అట్ట పేజీలు. కోడి, పసుపు కొమ్ము, చెరకు గడ, సైకిలు గంట ఇలా పేజీకొక బొమ్మ. చివరి పేజీ మీద తన తల్లి రాసిన కాగితం అతికించింది. ఆ తల్లి అరవై ఏళ్ల వయసులో వయోజన విద్యలో అక్షరాలు నేర్చుకుని, సిరా పెన్నుతో పసిపిల్లల కడుపు నొప్పికి, జలుబుకు ఏమేం పెట్టాలో రాసింది. పదకొండు వరుసలు. ఆమె రాసింది అదొక్కటే. ఆమె ఇప్పుడు లేదు.

పసిపిల్ల చింపకుండా పేజీలు అట్టవే ఉండాలని, ప్రతి అట్టకు రెండు వైపులా నిండుగా లై పూసి బొమ్మల కాగితం అతికించాలని సలహా ఇచ్చింది నేను.

ఆ పుస్తకం అతికించింది నాలుగో రోజు, గురువారం. ఆ ఉదయం మిగిలిన లై రెండు కిలోలు. పులిసిన వాసన మొదలైంది. శిబిరంలో ఉన్న ఒక్క తూకం వంటవాళ్ల దగ్గర ఉంది. నేను ఆగలేదు. పొట్లంలోంచి కంటి అంచనాతో ఇంకొంచెం మైలుతుత్తం వేసి కలిపాను. నా నోటుపుస్తకంలో ఆ రోజు వరుసలో తూకం గడి ఖాళీగా ఉంది. నా సర్వీసు మొత్తంలో అలాంటి ఖాళీ గడి అదొక్కటే.

శనివారం మధ్యాహ్నం శిబిరం ముగిసింది. పద్నాలుగు పుస్తకాలు పద్నాలుగు సంచుల్లో వెళ్లిపోయాయి.

25వ తేదీ సోమవారం, పదిగంటల నలభై నిమిషాలకు, రికార్డు రూములో నా ఎదుటి బల్ల దగ్గర రమేశ్ అనే గుమస్తా వేలు నాలుకకు అద్దుకుని రిజిస్టరు పేజీ తిప్పాడు. నలభై దాటిన మనిషి, బదిలీ మీద వచ్చి వారమే. అరవడానికి నోరు తెరిచాను.

"ఏమైందమ్మా, గట్లనే ఆగిపోయిండ్రు?" అన్నాడు రమేశ్.

నా కళ్ల ముందు పదకొండు నెలల పాప, అట్ట పుస్తకం. ఆ వయసు పిల్ల పుస్తకాన్ని చదవదు. నోట్లో పెట్టుకుంటుంది.

సుజాతకు ఫోన్ చేశాను. మోగింది, ఎత్తలేదు. నాలుగుసార్లు అంతే. మాక్లూర్‌లో ఆమె అంగన్‌వాడీ ఆయా నంబరు నా దగ్గర ఉంది. ఆమెకు చేస్తే, "మేడం నిన్ననే ధర్పల్లి పోయింది, మనుమరాలికి పుస్తకం ఇయ్యనీకి" అంది. సూపరింటెండెంటు గారికి విషయం చెప్పి సగం రోజు సెలవు అడిగాను. ఆయన కాగితం కూడా రాయించుకోలేదు. ముందు వెళ్లండి అన్నారు.

ధర్పల్లి బస్సు పదకొండున్నరకు కదిలింది. దారిలో ఏ ఊరు వచ్చిందో, ఏ ఊరు పోయిందో నాకు తెలియదు. ఎనిమిది అట్టలు, పదహారు ముఖాలు, ఒక్కో ముఖం మీద ఎంత లై పడి ఉంటుందని లెక్క వేస్తూ ఉన్నాను. ప్రతిసారీ ఆ ఖాళీ గడి దగ్గరికి వచ్చి లెక్క ఆగిపోయేది. మళ్లీ మొదటి నుంచి వేసేదాన్ని. పక్కన కూర్చున్న ముసలామె, "పానం బాగలేదా బిడ్డా?" అని నీళ్ల సీసా ఇచ్చింది. తాగలేకపోయాను.

పన్నెండు నలభైకి ఇల్లు దొరికింది. పాప, తల్లి భుజం మీద వాలి ఉంది. పొద్దటి నుంచి రెండు వాంతులు. సుజాత నన్ను చూసి నవ్వింది. "పండ్లొస్తున్నయ్ అక్కా, గందుకే. ఫోను సంచిల ఉండె, సూస్కోలే. నువ్వేంది గిట్లొచ్చినవ్?"

పుస్తకం ఎక్కడుందని అడిగాను. మంచం మీద ఉంది. కోడి బొమ్మ ఉన్న పేజీ మూల మెత్తబడి, కొంత ముక్క లేదు. కింద వెతికాను. మంచం దులిపాను. ముక్క దొరకలేదు. స్కేలు తీసి పోయిన మేర కొలిచాను. రెండు సెంటీమీటర్లు, ఒకటిన్నర. నేను ఎందుకు కొలుస్తున్నానో సుజాతకు అప్పుడే అర్థమైనట్టుంది. ఆమె నవ్వు ఆగిపోయింది.

చెప్పాను. మొత్తం నిలబడే చెప్పాను. సుజాత వియ్యపురాలు ఆమెను చూసి ఒకే మాట అంది. "పాపకు పుస్తకం తెచ్చినవా, మందు తెచ్చినవా?" పల్లెలో మందు అంటే పురుగులమందు. సుజాత పాపను కూతురి భుజం మీద నుంచి తీసుకుని ఆటో వైపు నడిచింది.

రెండు గంటల ఐదు నిమిషాలకు నిజామాబాద్‌లో పిల్లల డాక్టరు దగ్గర ఉన్నాం. ఆయన పాపను చూస్తూనే రెండు ప్రశ్నలు అడిగారు. ఏమిటి? ఎంత? మొదటిదానికి చెప్పాను. రెండోదానికి నా దగ్గర సగం జవాబే ఉంది. గురువారం వేసింది ఎంతో తెలియదన్నాను. డాక్టరు పెన్ను పక్కన పెట్టి, "అదే కదమ్మా కావాల్సింది" అన్నారు. సుజాత నా వైపు చూసింది. వారమంతా నా స్కేలును చూసి నవ్విన మనిషి ఆమె.

అప్పుడు నాకు పొట్లం గుర్తొచ్చింది. యాభై గ్రాములది కొన్నాను. మిగిలింది రికార్డు రూములో నా సొరుగులో ఉంది. రమేశ్‌కు ఫోన్ చేసి, తాళంచెవి ఎక్కడుందో చెప్పి, కవర్లు తూచే తపాలా తూకం మీద ఆ పలుకులు తూచమన్నాను. పొట్లంతో కాదు, కాగితం మీద పోసి. ఆ కాగితాన్ని విడిగా తూచి తీసేయాలి. చేతులు కడుక్కోవాలి. పద్నాలుగు నిమిషాలు పట్టింది. ఆ పద్నాలుగు నిమిషాల్లో పాప ఇంకోసారి వాంతి చేసుకుంది. అది నీలంగా ఉందా అని అందరం వంగి చూశాం. తెల్లగా, పాలే ఉన్నాయి.

రమేశ్ చెప్పిన తూకం ఇరవై రెండు గ్రాములు. యాభైలో మొదటి రోజు ఇరవై, మిగిలింది ఇరవై రెండు, అంటే గురువారం నేను వేసింది ఎనిమిది. రెండు కిలోల పాత లైలో అప్పటికే ఉన్నది సుమారు ఏడు. మొత్తం పదిహేను. పోయిన ముక్క మూడు చదరపు సెంటీమీటర్లు, రెండు వైపులా ఆరు. సరుకు తెప్పించుకోవడానికి మేం రాసే ఇండెంటు లెక్కలో వంద చదరపు సెంటీమీటర్లకు ఒకటిన్నర గ్రాముల లై పడుతుంది. డాక్టరు బల్ల మీద ఉన్న చీటీ వెనుక లెక్క వేసి ఇచ్చాను. మైలుతుత్తం ఒక మిల్లీగ్రాముకు లోపే. ఆయన తనూ ఒకసారి వేసి చూశారు. వాంతులకు ఇదే కారణమని చెప్పలేనని, కాదని కూడా చెప్పలేనని, రేపు ఉదయం దాకా ఇక్కడే ఉంచి రక్తం, మూత్రం చూద్దామని అన్నారు.

నేను వరండాలో కూర్చున్నాను. ఎవరూ కూర్చోమనలేదు, వెళ్లమనలేదు. మంగళవారం ఉదయం తొమ్మిదింబావుకు పాపను ఇంటికి పంపించారు. ఆ పాప ఇప్పుడు బడికి పోతోంది.

మిగతా పదమూడు మందికి ఆ రోజే ఫోన్లు మొదలుపెట్టాను. తొమ్మిది రోజుల్లో పన్నెండు పుస్తకాలు వెనక్కి వచ్చాయి. ఒకామె మాత్రం ఇవ్వనంది. "మా ఆయనకిచ్చిన అక్కా. గాయన పుస్తకాన్ని చదవనే చదవడు, ఇంక నాకుతడా? నాకిన రోజు ఫోన్ జేస్త తీ" అంది. అది ఆ ఇంట్లోనే ఉంది.

సుజాత తన పుస్తకం ఇస్తూ ఒక్కటే అడిగింది. "అమ్మ రాత ఒక్కటన్న తీసియ్యి అక్కా." అతికిన కాగితాన్ని విడదీయాలంటే నానబెట్టాలి. నీళ్లకు లై వదులుతుంది, సిరా కూడా వదులుతుంది. అది ఆమెకు ముందే చెప్పాను. అయినా ప్రయత్నించమంది. తడిపిన అద్దుడు కాగితాల మధ్య పెట్టి, గంటకోసారి మార్చుతూ, రెండు రోజులు చూశాను. మూడో వరుస వరకు అక్షరాలు నిలిచాయి. తర్వాత కాగితమంతా ఒకే నీలం. నిలిచిన మూడు వరుసల్లోనూ మైలుతుత్తం దిగింది కాబట్టి ఆ కాగితాన్ని కూడా ఇవ్వలేకపోయాను. ఫోన్ చేసి చెప్పాను. "సరే అక్కా" అని పెట్టేసింది.

తిరిగి వచ్చిన పుస్తకాలను డాక్టరు కాల్చవద్దన్నారు. కార్యాలయం వెనుక గొయ్యి తీయించి పూడ్చాను. జరిగింది రాసి సూపరింటెండెంటు గారికి ఇచ్చాను. ఆయన నాకు లిఖితపూర్వక హెచ్చరిక ఇచ్చి సర్వీసు పుస్తకంలో నమోదు చేశారు. అది సరైన చర్య.

ఈ సంగతి నాకు నేర్పింది రెండు విషయాలు. లై కాచే ముందు ఆ పుస్తకం ఎవరి చేతికి పోతుందో అడగాలి; రికార్డు రూముకు మంచిదైన పద్ధతి ఉయ్యాల దగ్గర హత్య కావచ్చు. రెండోది, తూచనిది వేయకూడదు. 2023లో రిటైరయ్యే దాకా రిజిస్టర్లకు మైలుతుత్తం తూచే వేశాను. బయట ఎవరికైనా నేర్పవలసి వస్తే, ఏ పూటకా పూట మామూలు లై కాచి, సాయంత్రం మిగిలింది పారబోశాను.

పోయినవి: పుస్తకాలు పదమూడు. వాటి మీద పదమూడు మంది పెట్టిన ఆరేసి రోజులు, మొత్తం డెబ్బై ఎనిమిది. మరుసటి ఏడాది జరగవలసిన శిబిరం ఒకటి. నా సర్వీసు పుస్తకంలో మచ్చ లేని ముప్పై ఏళ్లు. సుజాత మాటలు, ఆ ఫోన్ తర్వాత అన్నీ. ఆమె తల్లి చేతిరాత, పదకొండు వరుసలు.