బీరమ్మ వండిన గోబిఆకు

తాండూరు సంతలో ఎల్లప్ప గోబిపువ్వుల చుట్టూ ఉన్న ఆకులు విరిచి పారేస్తుంటే, గొర్రెలు కాసే బీరమ్మ వాటిని ఏరి గోనెసంచిలో కుక్కుకుంటోంది. ఎల్లప్ప సంచి పట్టుకుని గుంజాడు.

"నా దుకాణం ముందల పడ్డది నాదే. కింద పెట్టు."

"నీదేనా? గట్లయితే పొద్దుగాల నా గొర్లు గీడనే పెంటికలేసి పోయినయి. అవి గూడ నీయే. ఎత్తుకొని ఇంటికి తీస్కపో, మీ ఆమె ఎదురుసూస్తుంటది."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఎల్లప్ప సంచి వదిలేశాడు.

యాలాల దొరల ఇంటి కోడలు ఇంద్రమ్మ బండిలో కూర్చుని ఇదంతా చూసింది. గొర్రెల మేతకు ఇంత గొడవా అనుకుంది. పొయ్యి కూడా పనిమనిషే రాజేసే ఇంటి ఆడవాళ్లకు ఆకు విలువ తెలియకపోవడంలో వింత లేదు. ఇది పందొమ్మిది వందల యాభై ఏడో సంవత్సరం చలికాలం మాట.

బీరమ్మకు అక్షరం ముక్క రాదు. మొగుడు పోయాక నలభై గొర్రెలనూ ఒక కూతుర్నీ తనే సాకింది. ఎరువు కోసం పిలిచినవాళ్ల చేలల్లో మంద నిలిపి, జొన్నలు తెచ్చుకునేది. నోరు పెద్దది. లేకపోతే నలభైలో నాలుగు కూడా మిగిలేవి కావు.

మరుసటి వానాకాలంలో ఇంద్రమ్మకు ఆడపిల్ల పుట్టింది. చలికాలం వచ్చేసరికి, పొద్దుగూకితే ఇంద్రమ్మకు కళ్లు కనిపించడం మానేశాయి. ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు దీపం పెట్టే వేళ, మంచం మీద అనుకుని పిల్లను అంచు అవతల వదలబోయింది. మోచేతికి మంచంపట్టె తగలబట్టి ఆగింది. అప్పటినుంచి మసకపడితే పిల్లను ఎత్తుకోవాలంటేనే భయం. అత్త భాగమ్మ, బాలింత ఆకుకూర తింటే పాలు తాగే పిల్లకు కడుపు చెడుతుందని, ఎల్లిపాయకారం అన్నం తప్ప ఏమీ పెట్టనిచ్చేది కాదు.

దొరల చేలో మంద నిలిపినందుకు జొన్నల కోసం వచ్చిన బీరమ్మ, ఇంద్రమ్మ గడపను కాలితో తడుముకోవడం చూసింది.

"మసకల గానొస్తలేదు గదా, దొరసానీ?"

"మెల్లగ మాట్లాడు. అత్తమ్మ ఇంటది."

"కరువేడు నా గొర్లు గూడ గిట్లనే పొద్దుగూకంగ కంపల పోయి పడ్డయి, పచ్చిమేత లేక. గోబిఆకు ఏసిన. నెల తిరగకముందే సక్కగ నడిసినయి. నా బిడ్డ కాన్పయినప్పుడు గూడ గదే వండి పెట్టిన."

"నేను గొర్రెనా?"

"గొర్రెకున్న నసీబు నీకేడిది? దానికి అత్త లేదు."

ఆ రోజునుంచి బీరమ్మ మజ్జిగముంతలో దాచి కూర తెచ్చేది. కందిపప్పులో ఆకు ఉడికించి, కుసుమనూనె పోపు పెట్టిన కూర. సంతలో ఆకు దొరకని వారం మునగాకు. ఇంద్రమ్మ గొడ్లకొట్టంలో నిలబడి, బీరమ్మే తెచ్చిన జొన్నరొట్టెతో గబగబా తినేది. పిల్ల కడుపు చెడలేదు. నెల దాటాక ఒక సందెవేళ, ఇంకా దీపం పెట్టకముందే, పిల్ల బుగ్గ మీద దిష్టిచుక్క కనబడింది.

మర్నాడు ఇంద్రమ్మ చేట నిండా జొన్నలు పోసి ఇవ్వబోయింది. బీరమ్మ చెయ్యి చాచలేదు. వంటింటి గడపలో కూర్చున్న నిండు నెలల తోడికోడలి వైపు గడ్డం ఎత్తి చూపింది.

"జొన్నలొద్దు. నువ్వు చాటుకు తిని కండ్లు తెచ్చుకున్నవు. గా పిల్లకెవలు తెచ్చి పెడ్తరు? రేపు మీ అత్త ముందల కూసొని తిను. ఎవలు వండిండ్రంటే, నా పేరు జెప్పు."