జేబులో చెయ్యి పెట్టి మాట్లాడితే ఏమవుతుందట?

చేతులు జేబులో పెట్టుకోకూడదట! ఈ ఒక్క ముక్క చెప్పడానికి అమీర్‌పేటలో స్టేజీ మీద మాట్లాడటం నేర్పే కోచింగ్ సెంటర్‌లో నన్ను నాలుగు ఆదివారాలు కూర్చోబెట్టారు. పోనీ, అదైనా పనికొచ్చిందా అంటే అదీ లేదు.

ఈ రోజు పంజాగుట్టలో మా టైలర్ల మీటింగ్. నాకు కటింగ్ నేర్పిన యాదగిరి మాస్టర్ పని మానేస్తున్నారు. ఆయన సన్మానంలో మాట్లాడాల్సింది నేనే. పోయినసారి మైకు ఇస్తే "అందరికీ నమస్కారం" అని చెప్పి కూర్చున్నవాణ్ణి. ఈసారీ అంతే అయితే మాస్టర్‌కి మొహం చూపించలేను.

లేచాను. కోచింగ్‌లో చెప్పినట్టే అందరి కళ్లలోకీ చూశాను. నేర్చుకున్నదంతా మాయమైపోయింది. గాబరాలో చెయ్యి జేబులోకి పోయింది. కొలతల టేపు తగిలింది.

"మాస్టర్, జర లేసి నిలబడుండ్రి" అని భుజం కొలవడం మొదలుపెట్టాను. కొలతలు తీసేటప్పుడు నా నోరు ఆగదు, ముప్పై ఏళ్ల అలవాటు. నేను కుట్టిన మొదటి చొక్కా చేతులు మూడుసార్లు విప్పించిన మనిషి, షాపుకొచ్చిన గిరాకీల ముందు మాత్రం నన్ను ఒక్క మాటా అనలేదని చెప్పేశాను.

"ఏందిర, సన్మానమా, చొక్కానా?" అన్నారు మాస్టర్ కళ్లు తుడుచుకుంటూ.

"రెండూ, మాస్టర్. జర కదలకుండ్రి."

హాలంతా నవ్వు. హమ్మయ్య, గండం గడిచింది!

మైకు పట్టుకుంటే మీకు ధైర్యమిచ్చేది ఏంటో కింద రాయండి. నన్నడిగితే కిటుకు ఒక్కటే. ఎదురుగా ఎంతమంది ఉన్నా, మనం ఒక్క మనిషితోనే మాట్లాడుతున్నట్టు... ఆఁ, వస్తున్న, అన్నం పెట్టు!