యాకయ్య కాక గ్లాసు

దయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. అది నా ధైర్యం కాదు, భక్తి. ఆదివారం సత్సంగం తప్పని ఇంట్లో పెరిగాను. శరీరం వదిలిన జీవుడు తన దారిన ముందుకు పోతాడే తప్ప మన గదుల చుట్టూ తిరగడని చిన్నప్పుడే చదువుకున్నాను. ఇప్పటికీ అదే నమ్ముతాను. అందుకే ఇది రాయడం కష్టంగా ఉంది.

వరంగల్‌లో ఒక కాలేజీ ల్యాబ్‌లో పరిశోధన చేస్తున్నాను. కంటికి ఆనని బోలు గోళీలు చేయడం నా పని. చక్కెర నీళ్లను గట్టిగా మూసిన ఉక్కు పాత్రలో వేడి చేస్తే సన్నటి బొగ్గు గోళీలు వస్తాయి. వాటి మీద యిట్రియం, యూరోపియం లవణాలతో పల్చటి పూత ఎక్కించి ఫర్నేస్‌లో కాలుస్తాను. లోపలి బొగ్గు కాలి గాలిలో కలిసిపోతుంది. పూత పెంకులా మిగులుతుంది. అతినీలలోహిత దీపం కింద అది ఎర్రగా వెలుగుతుంది. లోపలిది తనను తాను అర్పించుకుంటేనే ఆ పెంకు నిలిచేది. నాకది హోమంలాగే తోచేది.

ఫర్నేస్ చూసుకునే అటెండరు యాకయ్య కాక. హన్మకొండలోని మా కిరాణా దుకాణం నుంచి నేను చక్కెర తెచ్చినప్పుడల్లా నవ్వేవాడు.

"మంచి చక్కెర దెచ్చి బొగ్గు జేత్తానవ్ బిడ్డా. మీ నాయిన జూస్తే దుకాణం బంద్ వెడ్తడు."

ఫర్నేస్ నడుస్తున్నంతసేపూ తన స్టీలు గ్లాసును కడిగి దాని మీద బోర్లించేవాడు. గ్లాసు బోర్లించి ఉంటే ఎవరూ తలుపు ముట్టకూడదు. ప్రొఫెసర్లు కూడా ముట్టేవారు కాదు.

నా పెంకులు మాత్రం ప్రతిసారీ పగిలేవి. వేడిని నిమిషానికి ఐదు డిగ్రీల చొప్పున పెంచాలని నేను చదివిన పరిశోధన వ్యాసంలో ఉంది. కాక ఒప్పుకునేవాడు కాదు.

"లోపలోడు మెల్లగ పోవాలె బిడ్డా. ఆగం జేస్తే ఇల్లు గూలగొట్టి పోతడు. జర ఒక్క డిగ్రీ వెట్టు."

పదో తరగతి చదివిన కాక మాట కంటే అచ్చులో ఉన్నదే నాకు పెద్దదనిపించింది.

మొన్నటి వానాకాలంలో కాక గుండెపోటుతో పోయాడు. ఆయన భార్య, నేను చిన్నమ్మా అని పిలిచే ఆమె, గ్లాసును ఇంటికి తీసుకెళ్లింది.

కొన్నాళ్లకు నా దగ్గర ఆఖరి చిటికెడు యూరోపియం మిగిలింది. ఈసారీ పగిలితే అంశం మార్చుకోమన్నారు గైడ్. మూడేళ్ల పని. ఆదివారం ఉదయం ఎనిమిదింటికి ఫర్నేస్ పెట్టాను. ఐదు డిగ్రీలే. పావుగంటలో వంద దాటడం కళ్లారా చూసి, గదికి తాళం వేసి సత్సంగానికి వెళ్లాను.

పన్నెండున్నరకు తిరిగొచ్చాను. అప్పటికి ఏడు వందలు చేరి ఉండాలి. మూడు వందల అరవై చూపిస్తోంది. వేగం నిమిషానికి ఒక డిగ్రీ అని ఉంది. తాళం చెవి నా దగ్గరే ఉంది. గేటు దగ్గరి రిజిస్టర్‌లో నా సంతకం ఒక్కటే.

ఫర్నేస్ పైన గుండ్రటి తడి మరక. సరిగ్గా గ్లాసు అంచంత. ఆ వేడికి అక్కడ నీటి చుక్క నిమిషం కూడా నిలవదు.

భయం వేయలేదు. ఏడుపొచ్చింది. వేగం మార్చకుండా అలాగే కాలనిచ్చాను.

మర్నాడు మైక్రోస్కోపులో చూస్తే చూసినంతమేరా ఒక్క పెంకూ పగల్లేదు. దీపం కింద కుంకుమ పోసినట్టు వెలిగాయి.

ఆ సాయంత్రమే లడ్డూలు పట్టుకుని చిన్నమ్మ దగ్గరికి వెళ్లాను. ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి తొడిమలు తీసి అప్పుడే వచ్చింది. కాక పటం ముందు అదే గ్లాసు. పని అయిందని మాత్రమే చెప్పాను. మరక సంగతి ఎత్తలేదు.

"రోజు గీ గ్లాసుల చాయ్ వోసి పెడ్త బిడ్డా. నిన్న పొద్దుగాల ఇల్లంత దేవులాడిన, గ్లాసే లేదు. మాపటికి మళ్ల ఆడనే ఉన్నది. నాకే మతి తప్పుతాంది."

అప్పుడు అంతా చెప్పాను. చిన్నమ్మ పటం వైపు తిరిగింది. తర్వాత కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఇంట్ల ముప్పై ఏండ్లు తాగిన గ్లాసు తాగినకాడ్నే ఇడిసిపెట్టిండు. మీకాడికైతే సచ్చినంక గుడ కడిగి బోర్లియ్య వోతాండు, సూడు!"

ఇది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. పోయిన జీవుడు త్వరగా ముందుకు సాగాలని ప్రార్థించమంటారు పెద్దలు. రోజూ జపం అయ్యాక చేతులు జోడిస్తాను. నా నోట మాత్రం వేరే మాట వస్తుంది.

మెల్లగ పో కాకా.