తలకాయల సినిమాలో ఆ నవ్వు

నేను దయ్యాల్ని ఏనాడూ నమ్మలేదు. నమ్మి ఉంటే నా ఉద్యోగం పోయేది. టూరింగ్ టాకీసులో ప్రచారం నా పని. జట్కా బండిలో కూర్చుని, రేకు బూర నోటికి పెట్టుకుని, ఊరూరా తిరుగుతూ అరవాలి. ఏ బొమ్మ వచ్చినా ఇలాంటిది ఇంతకుముందు రాలేదనాలి, ఇకముందు రాదనాలి. ఉన్నది ఉన్నట్టు చెబితే డేరాలోకి పిల్లి కూడా రాదు.

కాబట్టి ముందే చెబుతున్నాను. పెంచి చెప్పడం నాకు అన్నం పెట్టిన విద్య. ఈ వయసులో మానమంటే నా వల్ల కాదు. కానీ ఈ ఒక్క సంగతి రాసేటప్పుడు మాత్రం ఎక్కడ గాలి కొట్టానో అక్కడే ఆగి ఆ గాలి తీసేస్తాను. చివరికి ఏది మిగులుతుందో దాన్ని మీరు నమ్మితే చాలు.

ఆ సినిమాకి పోస్టరు మీద ఏదో పెద్ద పేరే ఉంది. గూడూరు నుంచి సూళ్లూరుపేట దాకా ఆ పేరు పలికినవాడు లేడు. అందరికీ అది తలకాయల సినిమా. అతి తక్కువ ఖర్చుతో తీసిన దయ్యం బొమ్మ. దాన్ని తీసింది అరవైల మొదట్లో, పులికాటు సరస్సు ఒడ్డున, మా ఊరి రేవులో. అందులో జనాన్ని భయపెట్టింది మా అక్క చెంగమ్మ. అక్క ఒక్కతే కాదు, ఆమెతో పాటు మా ఊరి ఆడవాళ్లంతా ఉన్నారు. కానీ ఊళ్లలో నేను చెప్పేటప్పుడు అక్క ఒక్కతే అని చెప్పేవాణ్ణి.

ఆ ఆడవాళ్లు చేసే పని గురించి కొంచెం చెప్పాలి. మా ఊళ్లో మగవాళ్లు పడవల్లో వలలకు పోతారు. ఆడవాళ్లు చేతులతో రొయ్యలు పట్టేవాళ్లు. సరస్సు లోతు తక్కువ. నీళ్లలో కూర్చుని, గొంతు దాకా మునిగి, రెండు చేతులతో అడుగున బురద తడుముకుంటూ కూర్చున్నట్టే ముందుకు జరుగుతారు. దొరికిన రొయ్య వేసుకోవడానికి తాటాకు బుట్ట ఉంటుంది. చేతులు రెండూ పనిలో ఉంటాయి గనుక ఆ బుట్ట అంచును పళ్లతో కరిచి పట్టుకుంటారు. అందుకే నీళ్లలో ఉన్నంతసేపూ ఎవరూ మాట్లాడరు. నోరు ఖాళీ ఉండదు.

మద్రాసు నుంచి సినిమావాళ్లు ఒక వ్యానులో వచ్చారు. అప్పుడు మా డేరా ఒక ఊళ్లో విప్పి ఇంకో ఊరికి మారే సందులో నేను ఇంటి దగ్గర ఉన్నాను. నాకు సినిమా తెలుసు గనుక వాళ్ల మధ్య తిరిగాను. వాళ్ల దయ్యం ఒక సన్నపాటి అమ్మాయి. ముఖానికి ఇంత పౌడరు, తలకు అద్దెకు తెచ్చిన జుట్టు. ఆ జుట్టు సముద్రపు గాలికి ఎగిరిపోయి సరస్సులో పడింది. దాన్ని కొంగ ఎత్తుకుపోయిందని చాలా ఊళ్లలో చెప్పాను. కొంగ ఎత్తుకుపోలేదు, నేనే ఈదుకుంటూ వెళ్లి తెచ్చాను. ఈదడం కూడా కాదు, మోకాటి లోతు నీళ్లు. నడిచివెళ్లి తెచ్చాను.

ఆ రోజు దయ్యం ఎలా నిలబడ్డా, ఎలా అరిచినా నవ్వే వచ్చింది. డైరెక్టరు ఇసుకలో కూలబడ్డాడు. పొద్దు వాలుతోంది. నీళ్లు రాగిరంగుకు తిరిగాయి. అప్పుడు సరస్సు మీద నుంచి తలలు వచ్చాయి.

ఒళ్లు లేదు, చేతుల్లేవు. తలగుడ్డలు చుట్టిన తలలు, నోట్లో ఏదో కరుచుకుని, చప్పుడు లేకుండా, నీటి మీద జారుతూ ఒడ్డుకు వస్తున్నాయి. మేకప్ మనిషి కేక వేసి వ్యాను వైపు పరిగెత్తాడు. లైట్ల మనిషి చేతిలో ఉన్నది వదిలేశాడు. నేను కడుపు పట్టుకుని నవ్వాను.

"ఎవరయ్యా వాళ్లు?" అన్నాడు డైరెక్టరు.

"మా ఊరి ఆడోళ్లు సార్. రొయ్యలకు పోయి ఇళ్లకొస్తుండారు."

ఆయన లేచి ఒళ్లు దులుపుకున్నాడు. "నాకు ఇదే కావాలి. రేపు సాయంత్రం ఇట్లాగే రమ్మను. నటించొద్దు, కెమెరా వైపు చూడొద్దు. రోజూ వచ్చినట్టు వస్తే చాలు."

ఆ కబురు నేను అక్కకు చెప్పాను. ఆ ఆడవాళ్లందరికీ అక్కే పెద్ద. ఏ పూట ఏ వైపు పోవాలో, ఎప్పుడు తిరిగి రావాలో ఆమె చెబితే మిగతావాళ్లు నడిచేవాళ్లు.

"ఏందిరా రమణయ్యా, మళ్లీ మొదలుపెట్టినావా? ఆ పొద్దు మంత్రి వస్తుండాడని మా అందరి చేతా తలలు దువ్వించి రోడ్డు మీద నిలబెట్టినావు. ఎవురొచ్చినారు? మేతకు పొయ్యే ఎనుములొచ్చినాయి."

"ఈసారి నిజం అక్కా. మీ మొహాలు తెర మీద పడతాయి. పడకపోతే నేను నీ తమ్ముణ్ణే గాదు."

"అదైతే మీ అక్కకు మేలే గదరా," అంది పక్కనున్న శేషమ్మత్త. అందరూ నవ్వారు.

అక్క నవ్వలేదు. నన్ను పక్కకు పిలిచి చెప్పింది. "వీళ్లొచ్చేది నా మాట మీద. అది అబద్ధమైతే నీకు పొయ్యేదేం లేదు. నీ మాట ఎప్పుడో పోయింది. పొయ్యేది నాది."

మర్నాడు సాయంత్రం సినిమా తీశారు. నేను కెమెరా పక్కనే ఉన్నాను. ఇక్కడ ఒక్క అక్షరం పెంచడం లేదు. అందరూ రోజూ వచ్చినట్టే వచ్చారు. ఎవరూ కెమెరా వైపు చూడలేదు. ఒడ్డుకు వచ్చినవాళ్లను వచ్చినట్టే అందుకుని, నోటి దగ్గర బుట్ట తీసి ఇసుకలో పెట్టింది నేనే. బుట్ట లేని మనిషి ఒక్కతీ లేదు. బుట్ట జారిపోతే ఆ పూట రొయ్యలన్నీ నీళ్లపాలు, ఊరంతా వినపడేలా గోల అవుతుంది. ఆ గోల లేదు. కెమెరా ఆపేశారు. మద్రాసువాళ్లు సామాను సర్దుకుని వెళ్లిపోయారు.

ఆ తరువాత సినిమా జాడ లేదు. సంక్రాంతి పోయింది, ఉగాది పోయింది, మళ్లీ సంక్రాంతి వచ్చింది. నేను ఊళ్లోకి అడుగుపెడితే చాలు, "ఏం రమణయ్యా, మా మొహాలు యాడ పడినాయి, బాయిలోనా?" అనేవాళ్లు. దానికి నాకు బాధ లేదు, అలవాటే. కానీ ఒక రోజు రేవులో అక్క దక్షిణం వైపు పోదామంటే ఒకామె, "ఇదీ మీ తమ్ముడి సినిమా లాంటిదేనామ్మే?" అంది. అందరూ ఉత్తరం వైపు పోయారు. అక్క కాసేపు ఒడ్డున నిలబడి, తరువాత వాళ్ల వెనకే పోయింది. అది నేను చూశాను.

చివరికి గూడూరులో ఆ బొమ్మ పడింది. పరిగెత్తుకుని వెళ్లి నేల టిక్కెట్టు కొన్నాను. జనం మొదటినుంచీ నవ్వుతూనే ఉన్నారు. అద్దె జుట్టుకు నవ్వారు, పౌడరుకు నవ్వారు. దయ్యం తలుపు తోస్తే తలుపుతో పాటు గోడ కూడా ఊగింది, దానికి మరీ నవ్వారు. అప్పుడు సరస్సు వచ్చింది. అక్కడ పాట లేదు, వాయిద్యం లేదు, నీళ్ల చప్పుడు కూడా లేదు. తలలు వస్తున్నాయి. హాలు మొత్తం ఊపిరి బిగబట్టింది. కాసేపటికి ఒక్కసారిగా కేక లేచింది. ఒకతను మూర్ఛపోయాడు.

మూర్ఛపోలేదు. ముందు నుంచే తాగి నిద్రపోతున్నాడు. కేక మాత్రం నిజం. నాకు ఒక్కటి అర్థం కాలేదు. తలలు కనబడగానే కేక రాలేదు. అవి సగం దూరం వచ్చాక వచ్చింది. నా కళ్లు మా అక్క మీద నుంచి కదల్లేదు గనుక వాళ్లు దేనికి కేకవేశారో నేను చూడలేదు.

మా టాకీసు యజమాని చేతులు పట్టుకుని బతిమాలి ఆ బొమ్మను మా ఊరి దగ్గరికి తెప్పించాను. గుండె జబ్బు ఉన్నవాళ్లు రావద్దని, గర్భిణీ స్త్రీలు అసలే రావద్దని బూర పగిలేలా అరిచాను. అందరూ వచ్చారు. మొదటాట, చీకటి పడీ పడగానే. మా ఊరి ఆడవాళ్లు తెర ముందు ఇసుకలో వరసగా కూర్చున్నారు. మధ్యలో అక్క. నా వైపు చూడనే లేదు.

సరస్సు వచ్చింది.

"మేయ్, అది మన రేవే!"

"అదిగో చెంగమ్మ! ఆ ముక్కు చూడు, చెంగమ్మే!"

"నా తలగుడ్డ! నా ఎర్రగుడ్డ నల్లగా పడిందే!"

"శేషమ్మత్తా, నీ చెవుల కమ్మలు!"

ఇక చూడండి. ఈలలు, చప్పట్లు. డేరా గుంజలు ఊగాయి. జిల్లా అంతా ప్రాణాలు ఉగ్గబట్టుకుని చూసిన బొమ్మకు మా ఊరు జేజేలు కొట్టింది. ఒకామె చంటిపిల్లను పైకెత్తి, "మీ అమ్మే, చూడు మీ అమ్మ!" అని అరిచింది. అక్క వెనక్కి తిరిగి నా కోసం వెతికింది. నేను కుర్చీ ఎక్కి రెండు చేతులూ ఊపాను. నా బతుకులో అంత పొడుగ్గా ఎన్నడూ నిలబడలేదు.

అప్పుడు ఆ కేక పడిన చోటు వచ్చింది. చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి.

తెర మీద అక్కకు కొంచెం వెనకగా, వరస చివర ఇంకో తల ఉంది. అందరిలాగే తలగుడ్డ. అందరిలాగే నీటి మీద జారుతూ వస్తోంది. మెల్లగా మన వైపు తిరిగి నవ్వింది. కోపం నవ్వు కాదు, దయ్యం నవ్వు కాదు. ఇంటికొచ్చిన చుట్టాన్ని చూసి నవ్వే నవ్వు. నోట్లో బుట్ట లేదు.

"ఆ నవ్వేది ఎవురే?" అంది అక్క.

ఆపరేటరు చేత ఆ రీలు మళ్లీ వేయించాం. తెర మీద కనబడే తలలను పేరు పేరునా పిలిచారు. ఎవరి తల వాళ్లు చూపించుకున్నారు. ఆ తలను మాత్రం ఎవరూ తమదనలేదు. ముఖం తెలిసినట్టే ఉంది, పేరు రాలేదు.

మర్నాడు పొద్దున రేవులో ఆడవాళ్లు ఒక పని చేశారు. బుట్టలు పళ్ల మధ్య పెట్టుకుని నవ్వడానికి చూశారు. నవ్వితే బుట్ట పడిపోయింది. బుట్ట పడకుండా ఉంటే నవ్వు రాలేదు, మూతి పక్కకు పోయింది. ఒకరి మూతి చూసి ఒకరు నవ్వి అందరి బుట్టలూ నీళ్లలో పడ్డాయి. నేనూ ప్రయత్నించాను. శేషమ్మత్త నన్ను చూసి, "నీది ఎట్నైనా పెద్ద నోరు, నీకూ రాలేదంటే ఇంకెవురికీ రాదు," అంది.

ఇదంతా మద్రాసువాళ్ల కెమెరా మాయ అనుకున్నాను. వాళ్లే ఏదో అతికించారనుకున్నాను. కొన్నాళ్లకు ఆ డైరెక్టరు పంపిన మనిషి ఒకతను బస్సు దిగి నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. సినిమా బాగా ఆడుతోందట, ఇంకొకటి తీస్తున్నారట.

"ఆ నవ్విన ఆవిడ కావాలయ్యా. చూడొద్దన్నా కెమెరా వైపు చూసింది, కానీ మా బొమ్మను నిలబెట్టింది ఆవిడే. పేరేమిటి?"

నేను నోరు తెరిచాను. పేరు, ఊరు, తాతముత్తాతలు, ఆమె ఎలా చచ్చిందో, మళ్లీ ఎందుకు వచ్చిందో, అన్నీ నాలుక చివరికి వచ్చేశాయి. అక్క అడ్డం వచ్చింది.

"ఆమె మాలో మనిషే అయ్యా. పేరు మాకూ తెలీదు. పిలిస్తే వచ్చే మనిషి గాదు, మమ్మల్ని చూసి వచ్చిపోయింది. అంతే చెప్పుపో."

అతను మమ్మల్ని వింతగా చూసి వెళ్లిపోయాడు. ఆ పొద్దు అక్క దక్షిణం వైపు అంది. ఒక్కరూ మారుమాట్లాడకుండా దక్షిణం వైపే పోయారు.

ఇప్పుడు అక్కకు తొంభై దగ్గరపడ్డాయి. ఆ సినిమాను ఎవరో ఫోన్లలోకి ఎక్కించారు. నిండా గీతలు, మాట సరిగా వినబడదు. మొన్న మా మనవడు మంచం మీద మా ఇద్దరి మధ్య కూర్చుని చూశాడు. వాడు చూసే దయ్యాల సినిమాల్లో నెత్తురు కాలవలు కడుతుంది, వాడు జంతికలు తింటూ చూస్తాడు. అద్దె జుట్టు దగ్గర వాడూ పడీపడీ నవ్వాడు. తలల దగ్గర నమలడం ఆపాడు. ఆ చోటు రాగానే ఫోను విసిరేశాడు.

వాడికెందుకు భయం వేసిందో నాకు తోచింది చెబుతాను. వేషం వేసిన దయ్యం మనల్ని భయపెట్టాలని వస్తుంది, దాన్ని చూసి నవ్వొచ్చు. ఈ తలలు మన కోసం రాలేదు. పొద్దంతా పని చేసి అలసిపోయి ఇళ్లకు పోతున్నాయి. మనం ఉన్నామన్న సంగతే వాటికి పట్టదు. అప్పుడు వాటిలో ఒకటి మనల్ని గుర్తుపడుతుంది.

"తాతా, ఇది నువ్వు కల్పించిందే గదా?" అన్నాడు మనవడు ఫోను వెతుక్కుంటూ.

అక్క బోసినోటితో పెద్దగా నవ్వింది. "మీ తాత చెప్పేవన్నీ అబద్ధాలేరా. ఈ ఒక్కటీ గాదు. నేను చూసినా."

ఆమె ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. కథ అల్లాలంటే నాకు నిమిషం పట్టదు. చాలాసార్లు నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఇందులో నేను ఒక్క మాట కలిపినా పోయేది అక్క మాట. అందుకే ఇక్కడ ఆపేస్తున్నాను.