గోడ మీది పేపరు

మా బావకి మందుల షాపు ఉంది, ఫోటోల పిచ్చీ ఉంది. మంచి లెన్సు ఏదో తేల్చుకోవడానికి పదకొండేళ్లు పట్టింది. తెచ్చిన ప్రతి లెన్సుతోనూ గోడకి ఆనించిన న్యూస్‌పేపర్నే తీసేవాడు, అక్షరాలు మూలల్లో కూడా స్పష్టంగా వస్తాయో లేదోనని. ఆ గోడ విసిగిపోయి రెండుసార్లు అటు తిరిగింది, నమ్మండి. పేపరు కదలకుండా పట్టుకునేది అతని భార్య, మా చెల్లెలు.

"నన్నూ ఒకటి తియ్యరాదూ?" అనేది.

"మంచి లెన్సు తేలనీవే, తీస్తా" అనేవాడు.

చెల్లెలు పోయింది. ఇంట్లో పెట్టుకోవడానికి ఆమె ఫోటో కోసం బావ తను తీసిన నాలుగు వేల ఫోటోలూ వెతికాడు. అన్నిట్లోనూ పేపరే, అంచున ఆమె వేళ్లు.

"ఒక్కటైనా లేదా బావా?" అన్నాను.

కెమెరా తెర మీద ఆ వేళ్లని పెద్దవి చేసి చూశాడు.

"మూలల్లో కూడా స్పష్టంగానే వచ్చింది" అన్నాడు.

లెన్సుకి మూత పెట్టి, షాపు తెరవడానికి వెళ్లాడు.