క్లైమాక్స్ మింగేసే ఆశేర్

సినిమా కథంతా చెప్పి చివర మింగేసేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. నా ఖర్మ కొద్దీ ఎయిర్‌పోర్టు ట్యాక్సీ పార్కింగులో నా రోజులన్నీ అలాంటివాడితోనే గడిచాయి. పేరు ఆశేర్, ఊరు పాల్మాకుల.

మా పని మీకు తెలిసిందే. బండి వరుసలో పెట్టి, మైకులో నంబరు పిలిచేదాకా రేకుల షెడ్డు కింద పడి ఉండాలి. కాలు ఒకచోట నిలవదు. చాయ్ తాగుతాం, టైర్లు తన్ని చూస్తాం, మళ్లీ చాయ్ తాగుతాం. అక్కడ కూర్చుని ఆశేర్ క్రైమ్ సినిమాలు చెప్పేవాడు. అబ్బ, ఏం చెప్పేవాడనుకున్నారు! తలుపు కిర్రుమందంటే మేం వెనక్కి తిరిగి చూసేవాళ్లం. ఆఖర్న హంతకుడికి బేడీలు పడితే ఈలలు వేసేవాళ్లం.

వాళ్లన్న ప్రేమయ్య పోయాక అదంతా పోయింది. 2010 మే నెల, మిట్టమధ్యాహ్నం, తొండుపల్లి దగ్గర ప్రేమయ్య సైకిలు మీద వస్తుంటే ఏదో కారు గుద్దింది. తెల్ల కారని ఒకరన్నారు, కాదని మరొకరన్నారు. ఆశేర్ చెప్పులరిగేలా పోలీస్‌స్టేషన్ చుట్టూ తిరిగాడు. గుద్దినవాడెవడో తేలలేదు. వాళ్లమ్మ జయశీల బాధ మాత్రం వేరు. పలకరించడానికి వెళ్లిన ప్రతివాణ్నీ ఒకటే అడిగేది: "ఆ ఎండల నా కొడుక్కు ఎవరన్న ఇన్ని నీళ్లు తాపిన్రా, బిడ్డా?" నన్నూ అడిగింది. తల వంచుకుని వచ్చేశాను.

అప్పటినుంచి ఆశేర్ కథలు మధ్యలోనే తెగిపోయేవి. "ఇన్‌స్పెక్టర్ ఫ్యాన్ బంద్ చేసిండు. బయటికొచ్చి చాయ్ తాగిండు. గంతే," అనేవాడు.

"గంతే ఏంది బే? చంపినోడెవడు?" అని నేను ఎగిరేవాణ్ని.

"తెల్వదన్నా. ఇగ మీరే అనుకోండ్రి."

ఇంతలో వాడి నంబరు పిలిచేవారు, వాడు చక్కా పోయేవాడు. తమ్ముడే చంపాడని ఒకడు, కాదు డాక్టరని ఇంకొకడు, మేం పొద్దూకేదాకా కొట్టుకునేవాళ్లం. బేడీలు పడిన కథల్ని ఈల వేసిన మరుక్షణం మర్చిపోయేవాణ్ని. ఈ తెగిన కథలు మాత్రం ఇంటిదాకా వచ్చి నన్ను అన్నం కూడా తిననిచ్చేవి కావు.

చెన్నయ్య ఒక్కడే ఆ గొడవలోకి వచ్చేవాడు కాదు. మాలో పెద్దవాడు, ఎప్పుడు చూసినా మొహం మీద తువ్వాల కప్పుకుని పడుకునేవాడు. ఎప్పుడన్నా తువ్వాల కిందనుంచే, "సచ్చినోని ఇంట్ల ఎవరెవరున్నరు?" అని అడిగేవాడు. "ఏంది పెద్దబాపూ, ఆ ఇంటికి పిల్లనిస్తవా?" అని మేం నవ్వేవాళ్లం.

ఒకసారి ఉండబట్టలేక, ఆశేర్ చెప్పిన సినిమానే సీడీ కిరాయికి తెచ్చి చూశాను. హంతకుడు శుభ్రంగా దొరికిపోయాడు! మర్నాడు పొద్దున్నే ఆశేర్ కాలరు పట్టుకున్నాను.

"దొరికిండు గదరా! మాకెందుకు చెప్పలే?"

వాడు విడిపించుకోలేదు. "నాకెవడు చెప్పిండన్నా? దొరికిండని చెప్పబోతే నోరొస్తలేదు," అన్నాడు.

నాకు సిగ్గేసింది. కాలరు వదిలేసి ఇద్దరికీ చాయ్ తెచ్చాను.

మళ్లీ మే నెల వచ్చింది. రేకులు కాలిపోతున్న ఒక మధ్యాహ్నం ఆశేర్ సినిమా చెప్పలేదు. ఎవరూ అడక్కుండానే అన్న ముచ్చట ఎత్తుకున్నాడు. సైకిలు, హ్యాండిలుకు తగిలించిన టిఫిను, మనిషి లేని రోడ్డు. "కారు గుద్దింది. పోయింది. ఒక్కడు ఆగలే. గంతే."

"ఒకడు ఆగిండు," అన్నాడు చెన్నయ్య. తువ్వాల తీయలేదు.

సరిగ్గా అప్పుడే మైకులో ఆశేర్ నంబరు పిలిచారు. వాడు లేవలేదు. మళ్లీ పిలిచారు. పిలిచినప్పుడు పోకపోతే వరుస చివరికి పోవాల్సిందే, ఎంత జ్వరమొచ్చినా ఎవడూ వదులుకోడు. వాడు మాత్రం జరిగి చెన్నయ్య పక్కన కూర్చున్నాడు. వాడి తర్వాతి నంబరు నాది! తిట్టుకుంటూ బండి తీశాను.

బడంగ్‌పేట్ దాకా ప్యాసింజరు ఏం మాట్లాడాడో నాకు తెలియదు. "ఏసీ కాస్త పెంచండి బాబూ" అన్నట్టున్నాడు, నేను హారన్ కొట్టాను. చెన్నయ్యే గుద్దాడా? లేక దారిన పోతూ ఆగాడా? ఊరికే ఆగినవాడైతే ఇన్నాళ్లూ నోరెందుకు విప్పలేదు? ఈపాటికి ఆశేర్ వాడి గొంతు పట్టుకున్నాడేమో! వచ్చేటప్పుడు ప్రతి సిగ్నల్నీ తిట్టాను.

వచ్చేసరికి చెన్నయ్య లేడు, వాడి బండీ లేదు. ఆశేర్ తన కారుకు ఆనుకుని నిలబడ్డాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏమైందిరా?"

"అన్న నీళ్లు తాగిండంట," అన్నాడు. "తల ఒళ్ల పెట్టుకొని తాపిండంట. గుటక వేసినంకనే పాణం పోయిందంట. ఇంటికి పోతున్న అన్నా. అమ్మకు చెప్పాలె."

"తాపింది చెన్నయ్యేనా? మరి గుద్దినోడెవడు?"

"అడగలే."

"అడగలే ఏందిరా! ఇన్ని దినాలు దానికోసమే తిరిగితివి గద!"

"అడిగి, గుద్దినోడూ తాపినోడూ ఒక్కడే అని తేలితే," అన్నాడు ఆశేర్, "ఆ నీళ్ల ముచ్చట ఇగ అమ్మకెట్ల చెప్పాలె అన్నా?"

కారెక్కి పాల్మాకుల వైపు తిప్పాడు. నేను బండిని వరుస చివర పెట్టి, చెన్నయ్య పడుకునే చోటు చూస్తూ కూర్చున్నాను. ఆ సాయంత్రం మైకులో నా నంబరు రెండుసార్లు పిలిచారట. నాకు వినపడలేదు.