రూతమ్మ గారి అరచెయ్యి

రూతమ్మ గారిని మా సంఘం ప్రార్థన చెయ్యనివ్వలేదు. చెయ్యి పైకెత్తనందుకు.

ఇప్పటికీ ఆదివారం పొద్దున మా నర్సీపట్నం వీధిలోకి చర్చి మైకు గరగర వినిపిస్తే నా తల దానంతటదే వంగిపోతుంది. చూసినవాళ్ళు భక్తి అనుకుంటారు. సిగ్గు అది. సగం సంఘానిది, సగం నాది.

ఆవిడ మాకు బైబిల్ స్త్రీ. ఇల్లిల్లూ తిరిగి వాక్యం చదివి వినిపించడం ఆవిడ పని. బడి ముఖం చూడని నాకు ఆవిడ అరుగే బడి. అక్షరాలు కూడబలుక్కునే రోజుల్లో ఒకనాడు, "అమ్మగారూ, తండ్రి దేవుడు ఏ పక్కనుంటాడండీ?" అని అడిగాను. ఆకాశం చూపిస్తారనుకున్నాను. ఆవిడ తన అరచెయ్యి నా గుండె మీద ఆనించి, "ఇక్కడే. పలుకుతాడు, కాసుకో," అన్నారు.

"ఎప్పుడు పలుకుతాడండీ?"

నవ్వి, బైబిలు నా ముందుకు జరిపారు.

మా చర్చిలో 'తండ్రీ' అనగానే అందరి చేతులూ పైకి లేవాలి. ఆవిడ చెయ్యి మాత్రం గుండె మీదకే పోయేది. ఒక కోతపండుగనాడు, కానుకగా తెచ్చిన గుమ్మడికాయల, చెరకు గడల పక్కన నిలబడి ఆవిడ ప్రార్థన మొదలుపెట్టగానే సంఘపెద్ద అడ్డుపడ్డాడు.

"తండ్రిని కొంగులో ముడేసుకున్నావేటి, రూతమ్మా? సెయ్యెత్తు!"

"ఎత్తితే ఆయన్ని ఒగ్గేసినట్టుంటదండి," అన్నారావిడ, గుండె మీది చెయ్యి వదలకుండానే.

జనం గొల్లున నవ్వారు. ఆ పూటతో ఆవిడ చోటు వెనక చాప మీదకు మారింది. మళ్ళీ ఎవరూ ఆవిడను ప్రార్థనకు పిలవలేదు.

నేను ఊరుకునే రకం కాదు. మీటింగుల్లో బల్ల గుద్దాను. పెద్దలను వాళ్ళ గుమ్మాల ముందే కడిగేశాను. ఏళ్ళ తరబడి అదే పని. చివరికి కొత్తగా వచ్చిన పాస్టరు గారు దిగివచ్చారు. వచ్చే ఆదివారం ప్రార్థన రూతమ్మ గారిదే, చెయ్యి ఎక్కడ పెట్టుకున్నా సరే అన్నారు.

పరుగున వెళ్ళాను. అప్పటికే ఆవిడ మంచం పట్టారు. "గెలిచామండీ!" అని కేక పెట్టి, ఆనాటి పెద్దలను పేరుపేరునా మళ్ళీ తిట్టిపోశాను. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నారు. పండుగనాడు అంతమంది నవ్వినప్పుడు కూడా నలగని ఆ ముఖం నా మాటలకు నలిగింది. ఏం చెయ్యాలో తోచక, ఎన్నాళ్ళుగానో కడుపులో దాచుకున్నది బయటపెట్టాను.

"అమ్మగారూ, మీరు చెప్పినట్టే కాసుకున్నాను. నాలో ఒక్కనాడైనా పలకలేదండీ."

మెల్లగా చెయ్యి చాచి, అరచెయ్యి మళ్ళీ నా గుండె మీద ఆనించారు.

"పలుకుతానే ఉన్నాడు, నాయినా. నువ్వే అరుస్తన్నావు."